తిరిగివచ్చువారికి ఇంట చోటు గలదా?

(ఇబ్రహీంపట్నము ప్రాంతమునందలి రావిర్యాల గ్రామమున, పఠనమందిరపు సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము.)



నన్నీ సభకు పిలిచినవారు విదేశములందు చదువుకొనిన మన యువకులు స్వదేశమునకు తిరిగివచ్చుటను గుఱించి మాటలాడుమని కోరిరి. ఇట్టి విషయము దొరికినప్పుడు ఉపన్యాసకునకు పని మిక్కిలి సులభము. మాతృభూమిని గూర్చి నాలుగు పెద్దమాటలును, పరదేశ వ్యామోహమును గూర్చి నాలుగు నిందావాక్యములును పలికి, కరతాళధ్వనుల నడుమ కూర్చుండవచ్చును. పదిదినముల క్రిందటి వఱకు నేనును అట్లే చేయ దలచియుంటిని. ఇంతలో నొకనాటి రాత్రి నాకు టెలిఫోను వచ్చెను. ఆ రాత్రి నుండి ఆ పెద్దమాటలు నాకు నోట వచ్చుట లేదు.

పిలిచినవాడు అమెరికాలో నున్న నా మేనల్లుడు. అతని యనుమతియు, నా యక్క యనుమతియు గైకొనియే ఈ సంగతి చెప్పుచున్నాను. వారి పేర్లును ఊరును చెప్పకుండుట మా యొప్పందము. అతడు ఎలక్ట్రానిక్సు శాస్త్రమున ఉన్నతపట్టము పొందినాడు. చదువు ముగిసినపిమ్మట ఉద్యోగము చేసికొనుటకు ఆ దేశము 12 నెలల యనుమతి నిచ్చును. ఆ కాలములో ఉద్యోగము లేకుండ నుండదగిన దినములు మొత్తము 90 మాత్రమే. ఇతడు చేరిన సంస్థ ఎనిమిది నెలలకే పనివారిని తగ్గించినది, తగ్గినవారిలో నితడొకడు. పనివీసాల కొఱకు జరుగు లాటరీలో ఇతని పేరు రాలేదు. ఆ రాత్రి నాటికి 90 దినములలో 61 గడచినవి. “మామా, వచ్చేయమంటవా? ఎట్లనన్న ఉండుమంటవా? నువ్వు వకీలువు కద, ఏదో ఒకటి జెప్పు” అని యడిగెను. నేడు లెక్కించినచో 19 దినములు మిగిలియున్నవి.

మఱునాడు ఉదయమున మా అక్క మాటలాడినది. “తమ్మీ, ఈ ముచ్చట ఎవ్వరికి తెల్వనియ్యకు. పిల్ల పెండ్లి మాటలు నడుస్తున్నయి. వస్తే గిస్తే రాత్రి విమానంల వచ్చి, తెల్లారక ముందే ఇల్లు జేరాలె” అన్నది. ఇరువదియైదేండ్ల యువకుడు దొంగతనము చేయలేదు, హత్య చేయలేదు. చదువుకొని తన యింటికి తాను వచ్చుటకు చీకటి కావలసివచ్చినది. నేను మీముందు విచారింప దలచిన వ్యాజ్యము ఇదియే. ఈ వ్యాజ్యమున ముద్దాయి యెవ్వడో చివరకు మీరే తీర్పు చెప్పుడు.

ఇది మీకు దూరపు సంగతి గాదు. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱవబడినది; అది మీకు కొద్ది కోసుల దూరము. పెద్ద వలయరహదారి మీ పొలిమేరనే పోవుచున్నది. భూమి ధర ఎకరముల లెక్క నుండి గజముల లెక్కకు మాఱినది. ఆ గజములను కుదువబెట్టియే నేడు పిల్లలు విమానమెక్కుచున్నారు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. మఱుసటి సంవత్సరమున 3,63,019 మంది. ఆ దేశమున చదువు విదేశీయులలో మనవారే యిప్పుడు మొదటి వరుస. వారిలో తెలుగువారి పాలు ఎంత పెద్దదో మన వీధులే చెప్పును. పిల్లవాడు విదేశమున లేని యింటిని వెదకుట కష్టమైనది.

పూర్వులు పోలేదా యనిన, పోయిరి. ముందుగా మన హైదరాబాదు వారినే చెప్పుదును. మీర్ అహమ్మదాలీ యను యువకుడు 1896లో నిజాం ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండు వెళ్లి, కూపర్సు హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, తిరిగివచ్చి మరామత్తు శాఖలో చేరెను. ఆయనయే తరువాత నవాబు అలీ నవాజ్ జంగు. మంజీరా నదిపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము ఆయన కృషి. నేటికిని ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినముగ జరుపుకొనుచున్నాము. విద్యార్థివేతనముగ ప్రభుత్వము పెట్టిన ధనము ఎన్ని వేల యెకరముల వరిపైరుగ తిరిగివచ్చెనో ఊహింపుడు.

ఇక నా వృత్తివారి సంగతి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున ప్లీడరుగ నుండి, పెద్ద న్యాయస్థానములలో వాదించు హక్కు లేనందున ఇంగ్లండు వెళ్లి బారిస్టరు పట్టము పొంది, 1907లో తిరిగివచ్చి మదరాసున వృత్తి ప్రారంభించిరి. లక్షలార్జించి, 1921లో ఆ వృత్తిని విడిచి “స్వరాజ్య” పత్రికను నెలకొల్పిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొంది వచ్చి, 1921లో చీరాల–పేరాల ప్రజలను ఊరు విడిపించి పాకలలో నిలిపి, పన్నులపై పోరాడిరి. వి.వి. గిరిగారు 1913లో డబ్లిన్ నగరమునకు న్యాయశాస్త్రము చదువబోయి, ఐరిషు దేశాభిమానులతోడి సంబంధము కారణముగ 1916లో ఆ దేశము విడిచిపొమ్మను ఉత్తరువు పొంది తిరిగివచ్చిరి.

ఈ పేర్లు వినగానే మనము “ఆహా! ఎంత త్యాగము! నేటివారికి ఆ దేశభక్తి ఏదీ?” అందుము. వకీలును గనుక ఎదుటిపక్షమువాని వాదమును కూడ మీకు వినిపింపవలెను. ఆ మహనీయుల దేశభక్తి నిస్సందేహము. కాని వారికి అక్కడ ఉండుటకు చోటుండెనా? నాటి బారిస్టరు పట్టమునకు విలువ మదరాసు, కలకత్తా, బొంబాయిలలో నుండెనే గాని లండనులో నల్లవానికి కక్షిదారు దొరకుట యెంత కష్టము! అమెరికా సంగతి సరేసరి. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1946లో శాసనము మార్చి పౌరసత్వపు తలుపు తెఱచినప్పుడును, భారతదేశమునకు ఏటికి 100 మందిని మాత్రమే అనుమతించిరి. వాకిలి మూసియున్న యింట నుండి తిరిగివచ్చుటకును, వాకిలి తెఱచియున్న యింట నుండి తిరిగివచ్చుటకును భేదము కలదు. 1965 తరువాత ఆ వాకిలి తెఱవబడినది. అప్పటి నుండియే మనవారు నిలిచిపోవుట యెక్కువైనది. కాబట్టి తాతలను చూపి మనుమలను నిందించుట న్యాయము గాదు.

మఱియొక సాక్షిని పిలిచెదను. ఆయన తిరిగిరానివాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, స్వదేశీ వ్రతమును బట్టి ఖద్దరుతో కుట్టిన అంగీని శస్త్రచికిత్సాలయమున ధరించెను. పరీక్షలో కృతార్థుడైనను ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము వచ్చినది. ప్రభుత్వ వైద్యోద్యోగమును దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, మామగారి సహాయముతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను 1923లో బోస్టను చేరెను. జీవకణములలో శక్తి నిలువయుండు రీతిని గుఱించి ఫిస్కెతో కలసి పరిశోధించెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మాఱి, క్యాన్సరు మందులకును, క్రొత్త యాంటీబయోటిక్కులకును దారి తీసిన పరిశోధనలను నడపెను. 1948లో అక్కడనే మరణించెను. ఇరువదియైదేండ్లలో ఒక్కమాఱైనను ఇల్లు చూడలేదు. అయినను అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు.

ఖద్దరు ధరించినవాడు రాలేదు. ఇందలి తప్పు ఎవ్వరిది? పట్టము తగ్గించినది పరాయి ప్రభుత్వమే. కాని అట్టివానికి ప్రయోగశాల యిచ్చుటకు మనవారి సంస్థ యేదియు నాడు ముందుకు రాలేదు. ఆయన నేతృత్వమున 1947లో వెలువడిన బోదకాలు వ్యాధి మందు మన దేశమునకు వచ్చి, 1955లో మొదలైన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమున మన తీరవాసులకు మ్రింగ నిచ్చిరి. గోదావరి తీరపు బిడ్డ గోదావరి తీరపు రోగమునకు మందును న్యూయార్కు రాష్ట్రము నుండి పంపవలసివచ్చెను. దేశమునకు దూరమైనవాడు దేశమునకు ద్రోహి యనువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

మూడవ సాక్షి డాక్టరు అంబేద్కరుగారు. ఆయన బరోడా మహారాజు విద్యార్థివేతనముతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. చదువు ముగిసినపిమ్మట పదేండ్లు బరోడా సంస్థానమున కొలువు చేయవలెనని యొప్పందము. ఆ యొప్పందమును మన్నించి 1917లో తిరిగివచ్చిరి. వచ్చినవానికి నగరమున అద్దె యిల్లు దొరకలేదు. పారశీకుల సత్రమున నొక గది సంపాదించుకొనగా, కులము తెలిసినవెంటనే కఱ్ఱలు పట్టుకొనివచ్చి వెళ్లగొట్టిరి. చెట్టు నీడన కూర్చుండి కన్నీరు విడిచిన ఆ పండితుని తిరిగి లండనుకు పంపినది ఎవ్వరు? ఆంగ్లేయులా? మనమే. 1923లో ఆయన మరల వచ్చి, తుదకు మన రాజ్యాంగ రచనకు అధ్యక్షత వహించుట మన భాగ్యమే గాని మన యోగ్యత గాదు.

ఈ మువ్వురి సాక్ష్యము నుండి నేను గ్రహించిన సూత్రమొక్కటి. తిరిగివచ్చుట అనునది విద్యార్థి యొక్కడే నిర్ణయించునది గాదు. సగము నిర్ణయము ఊరు చేయును. అలీ నవాజ్ జంగుకు ఇక్కడ శాఖయు, నదియు, పనియు సిద్ధముగ నుండెను, వచ్చెను, కట్టెను. సుబ్బారావుకు ఏమియు లేకుండెను, రాలేదు. అంబేద్కరుకు ఉద్యోగముండెను గాని తల దాచుకొనుటకు ఇల్లు లేకుండెను, వచ్చి వెడలిపోయెను.

స్వాతంత్ర్యానంతరమును ఇదే సూత్రము నడచినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు టాటా విద్యార్థివేతనముతో 1946లో స్టాన్‌ఫర్డు వెళ్లి చదివి తిరిగివచ్చిరి. అప్పటికే హోమీ భాభా నెలకొల్పిన పరిశోధనాసంస్థ యుండెను గనుక ఆయనకు చేయుటకు పని యుండెను. ఆయన కృషివలననే 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్సు కార్పొరేషను వెలసినది. ఆ కర్మాగారమున పనిచేసిన కుటుంబములు ఎన్నియో మన జిల్లాలోనే స్థిరపడినవి. ఆయన పేర నొక నగరమే యున్నది. నేత్రవైద్యులు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు అమెరికాలో స్థిరమైన స్థానమును విడిచి 1986లో వచ్చిరి. ఆయన రాకకు తోడుగ చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారు ఐదెకరముల భూమియు, కోటి రూపాయల ధనమును ఇచ్చిరి. 1987లో కంటి వైద్యాలయము వెలసి, నేడు దాని శాఖలు పల్లెలకు కూడ ప్రాకినవి. వచ్చినవాని త్యాగమును పొగడుదము; ఎదురేగి స్థలమిచ్చినవానిని మఱువకుందము. ఇద్దఱు లేనిదే ఆ వైద్యాలయము లేదు.

ఇక మీ గ్రామపు సంగతికి వత్తును. 2006లో ఈ రావిర్యాల పేరు దేశమంతట మ్రోగినది. ఇచ్చట “ఫ్యాబ్ సిటీ” వెలయుననియు, అర్ధవాహకపు చిప్పులు ఈ నేలమీదనే తయారగుననియు, అమెరికాలోని మన ఇంజనీర్లు గుంపులుగ తిరిగివత్తురనియు పత్రికలు వ్రాసినవి. వందలాది యెకరములు దానికి కేటాయింపబడినవి. నా మేనల్లుడప్పుడు ఆఱేండ్ల బాలుడు. “చిప్పులంటే తినేవేనా?” అని యడిగిన పిల్లవాడు, ఆ మాట వినివినియే ఎలక్ట్రానిక్సు చదువ నిశ్చయించుకొన్నాడు. ఆ చిప్పుల కర్మాగారము మాత్రము అనుకొనిన రీతిగ రాలేదు. తరువాత ఆ నేలపై వేఱు పరిశ్రమలు వచ్చినవి. 2016లో వినోదవనము వచ్చినది. అవి కొందఱికి కూలి కల్పించినవి, కాదనను. కాని నా మేనల్లుడు నేర్చిన విద్యకు ఈ నేలమీద పని దొరకలేదు.

ఇదే విద్యలో తైవాను ఏమి చేసినదో చూడుడు. 1973లో పారిశ్రామిక పరిశోధనాసంస్థను స్థాపించినది. 1980లో సిన్‌చు పట్టణమున శాస్త్రోద్యానమును తెఱచినది. ఇట్లు ఇల్లు కట్టి, పొయ్యి రాజేసి, పిమ్మట అతిథిని పిలిచినది. చైనాలో పుట్టి, అమెరికాలో చదివి, అక్కడి కంపెనీలో 25 ఏండ్లు పనిచేసిన మోరిస్ చాంగ్ 1985లో ఆ పిలుపునందుకొని వచ్చెను. 1987లో ఆయన స్థాపించిన సంస్థ నేడు ప్రపంచమునకంతటికిని చిప్పులను తయారుచేయుచున్నది. దక్షిణకొరియాయు 1966లో శాస్త్రసాంకేతిక సంస్థను నెలకొల్పి, అమెరికాలోని తన శాస్త్రజ్ఞులను వెదకి వెదకి రప్పించుకొనినది. మనము ముందు పిలుపు నిచ్చి, పిమ్మట ఇంటికి పునాది వేయ జూచితిమి. 2021లో మన కేంద్రప్రభుత్వము చిప్పుల పరిశ్రమకు 76,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించినది. గుజరాతులోను అస్సాములోను పని మొదలైనది. ఆలస్యమైనను మంచిదే. మన ప్రతినిధులను మనమడుగవలసిన ప్రశ్న: మన నేల కేది? మన కళాశాలలలో ఆ విద్యను చేతులార నేర్పు ప్రయోగశాల లేవి?

ఇంతవఱకు ప్రభుత్వమును గుఱించి. ఇక మన యింటిలోని సంగతి. నా కచేరికి ఈ మధ్య వచ్చు తండ్రులలో ననేకులు పొలము తగవులకు రారు. కుమారుని విద్యార్ణపు కాగితములు పట్టుకొని వత్తురు. సంతకము చేసిననాడు చదువలేదు; నోటీసు వచ్చిననాడు చదివించుకొనుచున్నారు. ఆ కాగితములలో ఏమున్నదో చెప్పెదను, వినుడు. ఋణము పుచ్చుకొనినవాడు కుమారుడొక్కడే కాడు, తండ్రియు సహఋణస్థుడు. బాకీ నిలిచినచో బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ శాసనమును బట్టి, దావా వేయకయే నోటీసులిచ్చి కుదువబెట్టిన ఆస్తిని స్వాధీనపఱచుకొనవచ్చును. వ్యవసాయభూమికి ఆ శాసనపు 31వ సెక్షనున మినహాయింపు కలదు. మన తాతల పొలమునకు ఆ రక్ష యుండెను. ఆ పొలమును ప్లాట్లుగ మార్చి, ఇల్లు కట్టి, ఆ యింటిని కుదువబెట్టినవానికి ఆ రక్ష లేదు. భూమి ధర పెరిగినదని సంతోషించితిమి. కవచము జాఱినదని గమనింపలేదు.

ఒక లెక్క వేయుదము. 40 లక్షల ఋణము, నూటికి 11 వంతున వడ్డీ యనుకొనుడు. ఏడాదికి వడ్డీయే 4,40,000 రూపాయలు. నెలకు 36,000 పైచిలుకు. అసలు దానికి వేఱు. ఇక్కడ క్రొత్తగ ఉద్యోగమున చేరినవానికి నెలకు 40,000 వచ్చినను, వడ్డీ పోగా బస్సు కర్చునకు మిగులును. ఇట్టివానితో “దేశసేవకు రమ్ము” అనుట, కాళ్లకు సంకెల వేసి “పరుగెత్తుము” అనుట వంటిది. వాడు అక్కడ నిలిచియుండుట డాలరు మీది ప్రేమచే ననుకొందుము. పెక్కుమందికి అది తండ్రి యింటిపై ప్రేమ.

అక్కడ నిలుచుటయు నానాట కష్టమగుచున్నది. ఏటికి ఇచ్చు క్రొత్త పనివీసాలు 85,000. అడుగువారు అనేక రెట్లు. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు, వెలుపలి నుండి క్రొత్తగ వచ్చువారి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుమును విధించెను. వాకిలి మరల మూతపడ జూచుచున్నది. రాదలచినవారును, రాక తప్పనివారును ఇకముందు పెరుగుదురు. వారికి మనమేమి సిద్ధముచేసితిమి?

ఈనాడు మనము సిద్ధముచేసినది ఒక్కటే: ప్రశ్న. “ఏమయ్యా, ఎందుకు వచ్చితివి? ఉద్యోగము పోయెనా?” విమానాశ్రయము నుండి ఇల్లు చేరులోపల ఈ ప్రశ్న పదిమంది యడుగుదురు. “అమెరికా సంబంధము” అని ఉబ్బి మాటలాడినవారు వాడు వచ్చెనని తెలిసిననాడే తాంబూలములు తిరిగిపంపుదురు. కట్నపు లెక్కలో కుమారుని వీసాకు వెల కట్టినవారము మనమే గదా! 1888లో గాంధీగారు సముద్రము దాటుచున్నారని ఆయన కులమువారు వెలివేసిరి. నాడు పోయినవానిని వెలివేసినాము. నేడు వచ్చినవానిని వెలివేయుచున్నాము. ఆచారము తలక్రిందులైనది గాని, వెలి పోలేదు.

ఇక నా మేనల్లునకు నేను చెప్పిన సమాధానము. మొదట, వీసా నిలుపుకొనుటకు మాత్రమే మఱియొక కళాశాలలో పేరు వ్రాయించుకొని, రెండవ ఋణము చేయవద్దంటిని. చదువు కొఱకు అప్పు చేయవచ్చును. గడువు కొఱకు అప్పు చేయరాదు. రెండవది, మిగిలిన దినములన్నియు న్యాయమైన ప్రయత్నము చేయుము. పని దొరకినచో సంతోషముతో ఉండుము, అప్పు తీర్పుము. అప్పు తీరినపిమ్మట ఏమి చేయుదువో తేదీ వేసి కాగితముపై వ్రాసికొనుము; “ఎప్పుడో వత్తును” అనువాడు రాడు. మూడవది, పని దొరకనిచో గడువునకు ముందుగానే, చట్టమును మీఱక, తల యెత్తుకొని రమ్ము. బ్యాంకువారి వద్దకు బాకీ నిలువకముందే నేనును మీ నాయనయు పోయి, వాయిదాలు తగ్గించి గడువు పెంచుమని అడిగెదము. ముందుగ వచ్చినవాని మాట వినినట్లు, నోటీసు తరువాత వచ్చినవాని మాట వినరు. నీ చేతి విద్యను ఏ విమానాశ్రయపు అధికారియు జప్తు చేయలేడు.

మా అక్కతో ఒక్కమాటయే అంటిని: “అక్కా, విమానము రాత్రికి దిగనీ, తెల్లవారుజామున దిగనీ. పోరడు నాతో పగలే ఊరిలోనికి వచ్చును. బస్సు దిగి, చావడి ముందునుండి నడచి వచ్చును.” ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట, “పిల్ల సంబంధం చెడితే?” అన్నది. “వాని రాకచే చెడు సంబంధము, వాడక్కడ నుండినను ఒకనాడు చెడును” అంటిని. ఆమెకు నా మాట పూర్తిగ నచ్చినదని చెప్పజాలను. ఈ సభలో ఈ సంగతి చెప్పుటకు మాత్రము అనుమతించినది.

ఆ నడకకు మీవంటి ఊళ్లవారి సహాయము కావలెను గనుకనే నేడు మీ యెదుట నిలిచినాను. మూడు విన్నపములు చేసెదను. తండ్రులారా! కుమారుని పంపుటకు ముందు ఋణపత్రమును చదివించుకొనుడు. తల దాచుకొను ఒక్క యింటిని మాత్రము కుదువబెట్టకుడు. ఈ మందిరమున నెలకొక ఆదివారము నేను వచ్చి, ఫీజు లేకుండ ఆ కాగితములు చదివి చెప్పుటకు సిద్ధముగ నున్నాను. తల్లులారా! సంబంధము చూచునప్పుడు పిల్లవాని వీసా అడుగుటకు ముందు వాని విద్యను, నడతను అడుగుడు. యువకులారా! తిరిగివచ్చిన వానికి ఈ పఠనమందిరమున వారమునకొక సాయంకాలము ఇచ్చి, వాడు నేర్చినదానిని పిల్లలకు చెప్పించుడు. ఇది చిన్నపని యనకుడు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినప్పుడు అదియు కొన్ని పుస్తకములును, కొందఱు మనుష్యులును గల చిన్నపనియే. తెలంగాణపు మేలుకొలుపు ఆ చిన్నపని నుండియే మొదలైనది.

అక్కడనే నిలుచువారిని నేను శపింపను. సుబ్బారావుగారి మందు మ్రింగిన దేశస్థుడను. శపించు నోరు నాకు లేదు. కాని వచ్చువాడు సిగ్గుతో రాకుండునట్లు చేయుట మన చేతిలోనిది. దానికి శాసనము అక్కఱలేదు, నిధులు అక్కఱలేదు. ఒక ప్రశ్నను మార్చినచో చాలును. “ఎందుకు వచ్చితివి?” అనుటకు బదులు “ఏమి నేర్చివచ్చితివి?” అని యడుగుడు.

పందొమ్మిది దినముల తరువాత నా మేనల్లుడు వచ్చునో, అక్కడ పని దొరకి నిలుచునో నాకు తెలియదు. వచ్చినచో, మొదటి ఆదివారమున వానిని ఈ మందిరమునకే వెంటబెట్టుకొని వత్తును. ఆనాడు మీరడుగు మొదటి ప్రశ్నయే ఈ వ్యాజ్యమునకు తీర్పు.